పోటీ వేగం, తుపాను సందేశం: హామ్ రేడియో సాఫ్ట్‌వేర్‌లో షార్ట్‌కట్ కీల రూపకల్పన – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: హామ్ రేడియో సాఫ్ట్‌వేర్‌లోని షార్ట్‌కట్ కీల అమరికపై పోటీల ప్రభావం బలంగా ఉంది. కృష్ణా డెల్టా వంటి తుపాను ప్రాంతపు సందేశ అవసరాలకు ఆ అమరిక ఎంతవరకు సరిపోతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: హామ్ రేడియో, షార్ట్‌కట్ కీలు, దివిసీమ, విపత్తు సమాచారం.

1. ఉపోద్ఘాతం

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను ముంచెత్తింది. పులిగడ్డ దగ్గర చీలిన కృష్ణ పాయల నడుమనున్న ఈ సీమలో వేలమంది ప్రాణాలు కోల్పోయారు. తీగలు తెగి, దారులు మూసుకుపోయిన చోట వార్త చేరడమే మొదటి సహాయం. స్థానిక తీగలపైనా టవర్లపైనా ఆధారపడని హామ్ రేడియో విలువ అటువంటి వేళ తెలుస్తుంది. 1983లో హైదరాబాదులో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఈ ప్రయోజనాన్ని ముందుకు తెచ్చింది. నేడు రేడియో పక్కన ల్యాప్‌టాప్ కూడా చేరింది. కనుక ఏ కీ నొక్కితే ఏమి జరుగుతుందన్నది సౌకర్యానికి మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు.

2. వేగం కోసం పుట్టిన అమరిక

పోటీల్లో విస్తృతంగా వాడే ఎన్‌1ఎంఎం లాగర్‌లో మోర్సు పద్ధతికి ముందుగా ఇచ్చిన అమరిక ప్రకారం ఎఫ్1 అందరికీ పిలుపు పంపుతుంది. ఎఫ్2 మార్చుకోవలసిన వివరాన్ని, ఎఫ్3 కృతజ్ఞతను, ఎఫ్4 సొంత కాల్‌సైన్‌ను పంపుతాయి. సంభాషణ క్రమమే కీల వరుసగా మారడం ఈ రూపకల్పనలోని గొప్పతనం. ఇందులో ఎంటర్ కీతోనే సందేశాలు పంపే పద్ధతి మరొక మెట్టు పైది. గడి ఖాళీగా ఉంటే ఎంటర్ పిలుపు పంపుతుంది. కాల్‌సైన్ నింపితే వివరం పంపుతుంది. వివరం అందాక కృతజ్ఞత చెప్పి నమోదు చేస్తుంది. తర్వాత ఏది వెళ్లనుందో తెరపై సూచన కూడా ఉంటుంది. అలసిన ఆపరేటరుకు ఇది నిజమైన మేలు.

3. ఒకే కీ, వేరు అర్థాలు

అయితే ఈ అమరిక సాఫ్ట్‌వేర్ మారితే నిలవదు. ఎఫ్‌టీ8 పద్ధతికి వాడే డబ్ల్యుఎస్‌జేటీ-ఎక్స్‌లో ఎఫ్1 వాడుక మార్గదర్శినిని తెరుస్తుంది. ఎఫ్3 షార్ట్‌కట్ల పట్టికను చూపుతుంది. ఎఫ్4 అవతలి కాల్‌సైన్‌ను చెరిపివేస్తుంది. ఒకచోట సహాయం కోరే కీ మరొకచోట ఆకాశవీధిలో పిలుపు వేస్తుందన్నమాట. ప్రసారాన్ని ఆపే ఆల్ట్–హెచ్ వంటి కీలు ఆంగ్లపదాల మొదటి అక్షరాలపై ఆధారపడినవి. తెలుగు మాధ్యమంలో చదివిన కొత్త ఆపరేటరుకు అక్కడ జ్ఞాపకానికి ఊతం దొరకదు. ఎస్కేప్ మాత్రం రెండింటిలోనూ ప్రసారాన్ని ఆపుతుంది. భద్రతకు సంబంధించిన ఈ ఒక్క ఏకరూపత తక్కినవాటికి ఆదర్శం కాదగినది.

4. డెల్టా సందేశ స్వభావం

పోటీలో ఒక తప్పు కొన్ని పాయింట్లను తీస్తుంది. తుపాను వేళ అదే తప్పు పడవను మరో ఊరికి పంపవచ్చు. “కోడూరు” అంటే దివిసీమలోని కోడూరు కావచ్చు, కడప సీమలోని రైల్వే కోడూరు కావచ్చు. మండలం, జిల్లా చెప్పి, విన్నదాన్ని తిరిగి చదివించుకున్నప్పుడే సందేశం పూర్తవుతుంది. ఎఫ్‌టీ8లో స్వేచ్ఛగా రాసే పాఠానికి 13 అక్షరస్థానాలే ఉన్నాయి; తెలుగు లిపికి అందులో చోటు లేదు. ఎన్‌1ఎంఎంలో “మళ్లీ చెప్పండి” అనే కోరిక ఎఫ్8 దాకా వెనక్కి జరిగింది. పోటీలో అది మినహాయింపు. విపత్తులో అదే నియమం. పైగా చాలా ల్యాప్‌టాప్‌లలో ఫంక్షన్ కీలు మొదట వెలుగును, శబ్దాన్ని మారుస్తాయి. కరెంటు లేని రాత్రి, బ్యాటరీపై నడిచే యంత్రం ముందు ఈ చిన్న అడ్డంకి చిన్నది కాదు.

ఈ లోపాన్ని సాఫ్ట్‌వేర్ కర్తల అజాగ్రత్తగా భావించడం న్యాయం కాదు. వారు ఎంచుకున్న లక్ష్యానికి ఆ కీలు చక్కగా సరిపోయాయి. ఆ లక్ష్యాన్నే విపత్తు సేవకూ కొలతగా తీసుకోవడం పొరపాటు. ఫారాల రూపంలో సందేశాలు నింపి, అందిన పాఠం మారిందో లేదో సరిచూసే ఎఫ్‌ఎల్‌మెసేజ్ వంటి ఉపకరణాలు వేరే దారి సాధ్యమేనని చూపుతున్నాయి.

5. ముగింపు

షార్ట్‌కట్ విలువను అది ఆదా చేసిన క్షణాలతోనే గాక, పొరపాటున నొక్కినప్పుడు కలిగే నష్టంతోనూ కొలవాలి. ఈ ప్రమాణం ప్రకారం విపత్తు అమరికలో ఎంటర్ తనంతట ప్రసారం చేయరాదు. ఆపే కీ అంతటా ఒకటే కావాలి. “మళ్లీ చెప్పండి” కీ చేతికి దగ్గరగా ఉండాలి. కీల పేర్లు తెరపై తెలుగులో కనిపించాలి. ఎన్‌1ఎంఎంలో ఫంక్షన్ కీల సందేశాలను వాడుకరి మార్చుకోగలడు కాబట్టి వీటిలో కొంత పని ఇప్పుడే సాధ్యం. విజయవాడలోనో అవనిగడ్డలోనో శిక్షణ పొందే ఆపరేటర్లు తుపాను రాకముందే ఆ అమరికను సిద్ధం చేసుకొని అభ్యసించడం అవసరం.