ప్లాట్‌ఫారం బోర్డు మీది సముద్రం

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. ఈ మూడు స్టేషన్లలో ఎక్కడ దిగినా పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద, చిన్న అక్షరాల్లో, సముద్రమట్టానికి ఎంత ఎత్తో రాసి ఉంటుంది. హిందూపురం దగ్గర అది 600 మీటర్ల పైచిలుకు. ధర్మవరం చేరేసరికి 400 లోపుకు దిగిపోతుంది. సముద్రంతో ఈ ఊళ్లకు అంతకుమించిన చుట్టరికం ఉన్నట్టు తోచదు. హిందూపురం నుంచి గీత గీసినట్టు వెళ్లినా తూర్పు తీరం ఒకవైపు, పడమటి తీరం ఒకవైపు, చెరో మూడువందల కిలోమీటర్ల దూరం.

ఆ అంకె మాత్రం రేవుల్లో పుట్టింది. దేశమంతటికీ ఒకే సున్నా ఉండాలని 1909 నాటి లెవెలింగ్ లెక్కలకు తొమ్మిది రేవుల ఆటుపోట్లను ఆధారం చేసుకున్నారు: కరాచీ, బొంబాయి, కార్వార్, బేపూర్, కొచ్చిన్, నాగపట్నం, మద్రాసు, విశాఖపట్నం, ఒడిశా తీరంలోని ఫాల్స్ పాయింట్. నీరు ఎక్కిందీ దిగిందీ ఏళ్ల తరబడి రాసిపెట్టి, దాని సగటు తీశారు. అక్కణ్నుంచి లెవెల్ యంత్రంతో, అంకెలు వేసిన కర్రతో, కొంచెం కొంచెంగా ఆ మట్టాన్ని లోపలి ఊళ్లకు తీసుకొచ్చారు. పోయేటప్పుడు కొలిచింది వచ్చేటప్పుడు మళ్లీ కొలవాలి. రెండూ కలవకపోతే ఆ రోజు పడిన పాటు లెక్కలోకి రాదు.

ఇంత పనిలో శాస్త్రవేత్తల పేర్లు మిగిలాయి. ఆటుపోట్ల గేజీ గడియారం సరిచూసినవాళ్లు, ఎండలో కర్ర నిటారుగా పట్టుకుని నిలబడ్డ ఖలాసీలు ఎవరికీ గుర్తులేరు.

ఆ కింది మెట్టు పనికి కుర్రాళ్లను తయారుచేసే ఆనవాయితీ కూడా సముద్రాన్ని కొలిచినవాడి చలవే. ఈస్టిండియా కంపెనీ కొలువులో కోరమాండల్ తీరాన్ని సర్వే చేసిన మైకేల్ టాపింగ్ పూనికతో 1794లో మద్రాసులో సర్వే బడి మొదలైంది. అనాథ శరణాలయం నుంచి తెచ్చిన ఎనిమిదిమంది మగపిల్లలు తొలి విద్యార్థులు. నేటి గిండీ ఇంజనీరింగ్ కాలేజీకి మూలం ఆ బడే. టాపింగ్ 1796లో మచిలీపట్నంలో చనిపోయాడు, బడి మాత్రం నిలిచింది. తర్వాత కాలిన్ మెకంజీ ఆధ్వర్యంలో సీడెడ్ జిల్లాలను, అంటే పెనుకొండ, ధర్మవరాలున్న ఈ నేలను, కొలిచినవాళ్లలో ఆ బడిలో పని నేర్చిన సహాయకులున్నారు. 1802లో విలియం ల్యాంబ్టన్ మద్రాసు దగ్గర మొదలుపెట్టిన త్రికోణాల సర్వే కూడా బెంగళూరు నుంచి గుత్తి వైపు సాగుతూ ఈ చుట్టుపక్కల కొండల మీదుగానే పోయింది.

ఇప్పుడు పరిశోధన నౌక ఎక్కే కొత్త టెక్నీషియన్‌ను సాధారణంగా సీటీడీ దగ్గర నిలబెడతారు. నీటి ఉప్పదనం, వేడి, లోతు పట్టిచ్చే సెన్సర్లు, వాటి చుట్టూ గుండ్రంగా అమర్చిన పొడవాటి నిస్కిన్ సీసాలు. దించేముందు ప్రతి సీసాకూ పైమూత, కిందిమూత తెరిచి కొక్కేనికి తగిలించాలి. గాలి మర బిగించాలి. కింది కుళాయి మూసి ఉందో లేదో చేత్తో తడిమి చూడాలి, కంటితో చూస్తే చాలదు. ఒక్క మర వదులైతే రెండువేల మీటర్ల లోతు నుంచి తెచ్చిన నీరు దారిలోనే కారి, పైనీరు కలిసిపోతుంది. సెన్సర్ల రీడింగు దిగేటప్పుడే మొదలవుతుంది. సీసాలు మూసేది మాత్రం పైకి లాగేటప్పుడు, ముందే అనుకున్న లోతుల్లో ఆగి ఆగి.

డెక్ మీదికి వచ్చాక అసలు పరీక్ష. ముందుగా ఆక్సిజన్ కోసం నీరు పట్టాలి, గాలి తగిలేకొద్దీ ఆ లెక్క మారిపోతుంది కాబట్టి. సన్నని గొట్టాన్ని చిన్న సీసా అడుగుదాకా దించి, ఒక్క బుడగ కూడా రాకుండా నింపి, కాసేపు పొర్లనిచ్చి, వెంటనే రసాయనాలు కలిపి మూత పెట్టాలి. తర్వాత పోషకాలకు, ఆ తర్వాత ఉప్పుకు. ఉప్పు చూసే సీసాను అదే నీటితో మూడుసార్లు తొలవాలి. చెమట పట్టిన వేలు మూతి లోపల తగిలితే చాలు, ఫలితం చెడిపోతుంది. సమయం, వైరు పొడవు, సీసా నంబరు లాగ్‌షీట్‌లో ఎక్కించాలి. తప్పు పడితే చెరపకూడదు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె వేసి, పొడి సంతకం పెట్టాలి. తాసీల్దారు ఆఫీసులో పాత రికార్డులు తిరగేసినవాళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. కాకపోతే ఇక్కడ ఇదంతా తెల్లవారుజామున మూడింటికి, కాళ్లకింద నేల ఊగుతుండగా, కడుపులో తిప్పుతుండగా చేయాలి.

లోతు కొలిచే పడవ మీద పని వేరు. వెనకటికి సీసపు గుండు కట్టిన తాడు వదిలి బారల్లో లెక్కపెట్టేవారు. గుండు అడుగున గుంటలో కొవ్వు పూస్తే కిందున్న ఇసుకో బురదో దానికి అంటుకుని వచ్చేది. ఇప్పటి ఎకో సౌండర్ శబ్దాన్ని పంపి, అది అడుగుకు తగిలి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి లోతు చెబుతుంది. ఉప్పునీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. నీటి వేడి, ఉప్పు, లోతు మారితే ఆ వేగమూ మారుతుంది. వేగంలో నూటికి ఒక వంతు తప్పు పడితే వంద మీటర్ల లోతులో ఒక మీటరు తేడా వచ్చినట్టే. అందుకే పని మొదలయ్యే ముందు ఒక ఇనుప పలకను గుర్తులున్న గొలుసుతో రెండు, నాలుగు, ఆరు మీటర్లకు దించి, యంత్రం కూడా అదే మాట చెబుతోందా అని చూస్తారు. బార్ చెక్ అంటే ఇదే. కొత్తవాళ్లకు విసుగు పుట్టించే పని ఇది, పాతవాళ్లు ఎగ్గొట్టనివ్వని పని కూడా ఇదే.

ఈ విద్యకు ఉప్పునీరే ఉండాలని లేదు. హెచ్చెల్సీ (ఎగువ కాలువ) ద్వారా అనంతపురం సీమకు నీళ్లిచ్చే తుంగభద్ర జలాశయంలో 1953లో సుమారు 133 టీఎంసీలు పట్టేవి. పూడిక పేరుకుపోయాక, సర్వేలు చేసి చూసి, ఇప్పుడు లెక్కలోకి తీసుకుంటున్నది 105.788 టీఎంసీలు. కాలువ చివరి చేనుకు ఎంత నీరన్న తగాదా ఈ కొలతల దగ్గరే మొదలవుతుంది.

తెలుగునాట సముద్రశాస్త్రానికి పునాది వేసింది ఆంధ్ర విశ్వవిద్యాలయం. 1952లో అమెరికా నుంచి వచ్చిన యూజీన్ లాఫాండ్ అక్కడివాళ్లతో కలిసి బంగాళాఖాతాన్ని కొలిచాడు. తూర్పు తీరం దగ్గర సముద్రగర్భంలో గుర్తించిన లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పడ్డాయి. మహదేవన్ ఆ విశ్వవిద్యాలయపు భూగర్భశాస్త్ర ఆచార్యుడు.

2004 డిసెంబరు 26న సునామీ విరుచుకుపడ్డప్పుడు మన దేశానికి సొంత హెచ్చరిక కేంద్రం లేదు. 2007 అక్టోబరు నుంచి హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్‌లో ఒకటి పనిచేస్తోంది. భూమి కంపించిన సంగతి నిమిషాల్లో తెలుస్తుంది. అల నిజంగా లేచిందా అన్నది తేల్చేది సముద్రం అడుగున ఒత్తిడి చూసే పరికరాలు, రేవుల్లోని టైడ్ గేజీలు. వాటికి పట్టిన నాచు గీకి, బ్యాటరీ మార్చి, రీడింగు సరిచూసే మనిషి లేకపోతే తెర మీద వచ్చే గీతను నమ్మడం కష్టం. ఆ సంస్థ చేపట్టిన ఆర్గో పరికరాలు వెయ్యి మీటర్ల లోతున తేలుతూ, సుమారు పదిరోజులకోసారి రెండువేల మీటర్లకు దిగి, పైకి వచ్చి ఉపగ్రహానికి కబురు పంపుతాయి. రుతుపవనాల అంచనాలకు ఆ లెక్కలు పనికొస్తాయి. జూన్, జూలైల్లో శెనక్కాయ విత్తాలా ఆగాలా అని మొగులు వైపు చూసే సీమకు ఇది పరాయి సంగతేమీ కాదు.

ఐటీఐలో ఎలక్ట్రానిక్సో, పాలిటెక్నిక్‌లో సివిలో చదివిన ఈ ఊళ్ల పిల్లలకు ఈ కొలతల పనిలో దారులున్నాయి. నౌకాదళంలో హైడ్రోగ్రఫీ శాఖ ఉంది. దాని కొత్త సర్వే నౌకల్లో ఒకటైన ఐఎన్ఎస్ సంధాయక్ 2024 ఫిబ్రవరిలో విశాఖపట్నంలోనే కొలువులో చేరింది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఎన్ఐఓటీ, హైదరాబాద్ ఇన్‌కాయిస్ ప్రాజెక్టు ఉద్యోగాలకు ప్రకటనలిస్తుంటాయి. చిక్కల్లా ప్రాజెక్టు ఉద్యోగాల్లోనే. ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగమూ అయిపోతుంది. ఏ మర ఎంత బిగించాలో, ఏ గాలికి వించ్ ఆపమని కేకేయాలో చేతికి పట్టుబడేసరికి మనిషి బయటికి పోతాడు, తర్వాతి నౌకలో మరో కొత్తవాడు మొదటి సీసా దగ్గర నిలబడతాడు. ఖరీదైన సెన్సర్ కొనడానికి మంజూరయ్యే డబ్బుతో పాటు, దాన్ని వాడి చెయ్యి తిరిగిన టెక్నీషియన్‌ను మరో రెండేళ్లు ఉంచుకోవడానికి కూడా ఒక పద్దు రాయడం పెద్ద కష్టమేమీ కాదు.