కడుపు కోసం నూనె కాదు, గింజ

ఈ వారం జనగామలో ఒక కొట్టులో నువ్వుల నూనె సీసా తీసి చూస్తే, నూనె పేరు కంటే పెద్ద అక్షరాల్లో ‘జీర్ణశక్తికి ఫంక్షనల్ ఫుడ్’ అని ఉంది. చిరాకేసింది. ఎవరు పడితే వారు అంటించుకునే మాట కాదది, ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2016లోనే దానికి నిబంధనలు పెట్టింది. గానుగ నూనె తరఫున నేనెంత వాదిస్తానో ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. ఆ వాసనంటే నాకు ప్రాణం. అందుకే దాన్ని మందుసీసా చేస్తుంటే ఊరుకోలేను.

కడుపు మీద నిజంగా పనిచేసే నూనె మా ఇంట్లో ఒక్కటే, ఆముదం. మానుకోటలో అమ్మమ్మ వంటాముదం తీసేది. ఆముదాలు మంగలంలో వేయించి, రోట్లో మెత్తగా దంచి, కుండెడు నీళ్లలో ఉడకబెట్టేది. నురగతో పాటు నూనె పైకి తేలేది. దాన్ని గరిటెతో మెల్లగా తోడి మళ్లీ కాచేది. చిటపటలు ఆగితే చెమ్మ పోయినట్టు. మాకు కడుపు బిగిస్తే పరగడుపున చెంచాడు పట్టి, “ఉమ్మితే ఇంకింత పోస్త బిడ్డా” అనేది.

అదెలా పనిచేస్తుందో జర్మనీ శాస్త్రవేత్తలు 2012లో తేల్చారు. చిన్నపేగులో ఆముదం నుంచి విడివడే రిసినోలిక్ ఆమ్లం, పేగు కండరాల్లోని ఈపీ3 అనే గ్రాహకాన్ని తట్టి కదలిక పుట్టిస్తుంది. అమ్మమ్మ మాత్రం దాన్ని కూరలో పోయలేదు, చూలాలికి పట్టనివ్వలేదు. నూనె తీశాక విషం మిగిలే పిండి చేనుకు ఎరువయ్యేదే గానీ గొడ్డు నోటికి అందేది కాదు.

మరి నువ్వుల నూనె, పల్లి నూనె, భూపాలపల్లి అడవుల్లో కోయ ఇళ్ల ఇప్పనూనె? చలికి పేరుకునే ఆ ఇప్పనూనెతో సహా అన్నీ కమ్మని ఆహారమే. కానీ నూనెలో పీచు సున్నా. నువ్వుల్లో దాదాపు సగం నూనె, నూరు గ్రాములకు సుమారు 12 గ్రాముల పీచు. గానుగ ఆడినా మర ఆడినా ఆ పీచంతా నూనె తీశాక మిగిలే తెలగపిండిలోనే ఉండిపోతుంది. పేగుకు కావలసింది గొడ్లకు పెట్టి, అది లేని నూనెను పేగు కోసమని కొంటున్నాం.

నూనె రుచికి కొనండి. కడుపు కోసమైతే జొన్నరొట్టెలోకి నువ్వుల పొడి చేసుకోండి. గానుగ దగ్గర ఆ రోజు ఆడిన తెలగపిండి అడిగి తెచ్చుకుని, వెల్లుల్లి దంచి, మునగాకుతో వండుకోండి. నిలవుంచితే చేదెక్కుతుంది.