వెతికినవాడే దొరికిపోయాడు

కష్టాలపాలైన ప్రతివాడూ విషాద నాయకుడు కాడు. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలోనే అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో ఈ సంగతి తేల్చాడు. ఏ మచ్చా లేని మంచివాడు నాశనమైతే చూసేవాడికి మనసు విరిగిపోతుంది. పరమ దుర్మార్గుడు నాశనమైతే తగిన శాస్తి జరిగిందనుకుంటాడు. రెండుచోట్లా జాలీ భయమూ పుట్టవు. మిగిలింది ఈ ఇద్దరికీ నడిమి మనిషి: పేరూ పదవీ ఉన్నవాడు, గుణంలో మాత్రం మనలాంటివాడు, దుర్బుద్ధితో కాక ఒక పెద్ద పొరపాటువల్ల పడిపోయేవాడు. ఆ పొరపాటే హమార్తియా. అంత శిక్షకు తగినవాడు కాడే అని జాలి, మనకైనా జరగొచ్చని భయం.

అరిస్టాటిల్ మళ్లీమళ్లీ ఎత్తి చూపింది గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ ‘ఈడిపస్ రాజు’ను. తీబ్స్ నగరాన్ని మహమ్మారి పీడిస్తోంది. పాత రాజు లాయస్‌ను చంపినవాణ్ణి వెళ్లగొడితేనే ఊరు బాగుపడుతుందని డెల్ఫీ నుంచి దైవవాక్కు వస్తుంది. ఆ హంతకుణ్ణి ఈడిపస్ నలుగురి ముందూ శపించి, తానే ఆరా తీయడం మొదలుపెడతాడు. చంపింది తానేననీ, చచ్చింది తన తండ్రనీ, తాను పెళ్లాడింది తల్లిననీ చివరికి తేలుతుంది.

అతనిది కోపిష్టి స్వభావమే. అయినా ఈ పతనాన్ని కోపం ఖాతాలో వేసి ఊరుకుంటే నాటకం సగమే అర్థమైనట్టు. మూడు దారుల కూడలిలో తనను కొట్టిన ముసలాయన ఎవరో తెలియక చంపాడు. అసలు పొరపాటు ఆ తెలియకపోవడంలో ఉంది. నిజాన్ని బయటికి లాగినవి మాత్రం అతని మంచి గుణాలే: స్ఫింక్స్ అనే రాక్షసి పొడుపుకథ విప్పిన తెలివి, ప్రజల మీద మమకారం, సగంలో వదలని పట్టుదల. ముందుగా నిజం గ్రహించిన జొకాస్టా, అతని భార్యా తల్లీ, ఇక అడగొద్దని బతిమాలుతుంది. అతను ఆగడు. ఆగితే బతికిపోయేవాడేమో కానీ నాయకుడయ్యేవాడు కాదు.

కథ ఏథెన్స్ ప్రేక్షకులకు ముందే తెలుసు. అందుకే రాజు పెట్టే ప్రతి శాపమూ అతనికే తగులుతోందని వాళ్లకు తెలుస్తూనే ఉంటుంది. కన్నులేని ద్రష్ట టైరీసియస్‌కు కనిపించినది కన్నులున్న రాజుకు కనిపించదు. ఆ తర్వాత కొరింథ్ నుంచి వార్తాహరుడు వస్తాడు. తల్లిని పెళ్లాడతావన్న దైవవాక్కు వల్ల ఈడిపస్‌కున్న భయం పోగొడదామని, ‘నువ్వు నిన్ను పెంచిన కొరింథ్ రాజదంపతుల కన్నబిడ్డవు కావు’ అంటాడు. ఊరడించబోయిన మాటే కొంప ముంచుతుంది. తలకిందులయ్యే పరిస్థితీ, నిజం తెలిసే ఘడియా ఇలా ఒక్కచోట కలవడమే అత్యుత్తమ నిర్మాణమన్నాడు అరిస్టాటిల్. జొకాస్టా ఉరి వేసుకోవడం, ఆమె వస్త్రపు పిన్నులతో ఈడిపస్ కళ్లు పొడుచుకోవడం మనం చూడం. సేవకుడి నోట వింటాం. అపోలో దేవుడు ఈ దుఃఖాలు తెచ్చినా, పొడిచిన చెయ్యి తనదేనని ఈడిపస్ ఒప్పుకుంటాడు.

సంస్కృత నాటకం మామూలుగా శుభాంతం. భాసుని ‘ఊరుభంగం’ వంటివి అరుదు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా పేరు తెచ్చుకున్నది బళ్లారికి చెందిన ధర్మవరం రామకృష్ణమాచార్యుల ‘విషాద సారంగధర’. సవతి తల్లి చిత్రాంగి వేసిన నిందకు సారంగధరుడు బలైపోయే ఆ కథకు అరిస్టాటిల్ కొలబద్ద పెట్టి చూడండి. సారంగధరుడిలో ఏ తప్పూ లేదు కాబట్టి అతను బాధితుడే. విచారించకుండా కొడుక్కి శిక్ష వేసిన రాజరాజనరేంద్రుడే విషాద నాయకుడి కొలతకు దగ్గరగా వస్తాడు. మరో గ్రీకు నాటకకర్త యూరిపిడిస్ ‘హిప్పోలిటస్’లోనూ ఇంతే: భార్య రాసిపెట్టిన నింద నమ్మి థీసియస్ కొడుకును శపిస్తాడు, నిజం తెలిసేసరికి కొడుకు చావుబతుకుల్లో ఉంటాడు. ఈడిపస్ అడగడం ఆపలేక కూలిపోతే, ఈ తండ్రులిద్దరూ అడగక కూలిపోయారు.

ఈసారి విషాద నాటకం చూసినప్పుడు కన్నీళ్లు ఎవరికి ఎక్కువని లెక్క వేయకండి. తెలియక చేసిన తప్పును, తెలిశాక తనదేనని ఒప్పుకున్నదెవరో చూడండి. నాయకుడు అతనే.