రంగు వేశాక తూకం

చిన్న విమానానికి కొత్త రంగు వేయించడమంటే యజమానికి సరదా. మెకానిక్‌కు మాత్రం ఆ రంగు ఆరాకే అసలు పని. విమానాన్ని మళ్లించే కదిలే పలకలు, అంటే రెక్కల వెనక అంచున ఉండే ఐలరాన్లు, తోక మీది ఎలివేటర్లు, రడ్డర్ ఒక్కొక్కటీ తూకం వేసి చూడాలి. "ఆ కాస్త రంగుకి బరువేముంటుందండీ?" అనే ప్రశ్న అతనికి కొత్తేమీ కాదు.

ఎంత పెరిగిందన్నదానికన్నా ఎక్కడ పెరిగిందన్నదే లెక్క. ఐలరాన్‌లో రేకు చాలామటుకు కీలుకు వెనకే ఉంటుంది, రంగూ అక్కడే ఎక్కువ పడుతుంది. కీలుకు 30 సెంటీమీటర్ల వెనక 100 గ్రాములు చేరితే, ముందు 10 సెంటీమీటర్ల దూరంలో 300 గ్రాముల సీసం పెడితేగాని సరికాదు. అందుకే పాత రంగు గోకకుండా పైన పూత మీద పూత వేసి, చివర్లో సీసం దట్టించడం బద్ధకపు పనే.

వెనక బరువెక్కితే ఏమవుతుంది? గాలికుదుపుకి రెక్క ఒక్కసారి పైకి లేస్తుంది. ఐలరాన్ వెనక అంచు వెంటనే లేవలేక కిందికి దిగబడుతుంది. దిగిన ఐలరాన్ రెక్కను ఇంకాస్త పైకి నెడుతుంది. తిరిగి దిగేటప్పుడూ ఇదే వరస. వేగం తగినంత ఉంటే ఆ ఊపు తనంతట తానే పెరిగి, కొన్ని సెకన్లలోనే రెక్కను విరిచేయగలదు. దీన్నే ఫ్లట్టర్ అంటారు. కీలుకు ముందు బరువు పెడితే ఇది ఆగుతుందని 1920ల మొదట్లోనే నెదర్లాండ్స్‌లో ఫాన్ బౌమ్‌హౌవర్, కోనింగ్ అనే పరిశోధకులు చూపించారు. అయినా జోడియాక్ సీహెచ్ 601 ఎక్స్‌ఎల్ అనే రెండు సీట్ల విమానం ఐలరాన్లకు మొదట ఆ బరువుల్లేవు. వరసగా గాల్లోనే విరిగిపోయిన ఘటనల తర్వాత, 2009లో ఆ విమానాలను ఎగరనివ్వొద్దని అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ కోరింది. తర్వాత చేసిన మార్పుల్లో రెక్కల్ని గట్టిపరచడంతో పాటు ఐలరాన్లకు బరువులూ చేరాయి.

తూచే పద్ధతి చూడ్డానికి తేలికే. తలుపులు మూసి, ఫ్యాన్లు ఆపి, ఐలరాన్‌ను కీలు దగ్గర రెండు కత్తి అంచుల మీద ఆనిస్తారు. అది ఎటు ఒరుగుతుందో, ఎంత బరువుకి నిలబడుతుందో చూసి తయారీదారు ఇచ్చిన హద్దులతో పోలుస్తారు. చిక్కల్లా రాపిడితో. ఆనినచోట కొంచెం పట్టేసిందా, ఒరగాల్సింది ఒరగకుండా నిలబడి బాగానే ఉన్నట్టు నమ్మిస్తుంది. అనుభవమున్నవాళ్లు వేలితో అటూ ఇటూ తట్టి, రెండువైపుల నుంచీ చూస్తారు.

తూకం కుదిరినా బిగింపుల్లో వదులుంటే లాభం లేదు. 2011లో అమెరికాలోని రీనో విమాన పందేల్లో గాలపింగ్ గోస్ట్ అనే పీ-51 విమానం కూలి 11 మంది చనిపోయారు. అరిగిపోయిన లాక్‌నట్ల వల్ల ఎలివేటర్ వెనక అంచున ఉండే చిన్న పలక, ట్రిమ్ ట్యాబ్, స్క్రూలు వదులయ్యాయని, ఫ్లట్టర్ అక్కడ మొదలైందని దర్యాప్తులో తేలింది. అందుకే తూచిన ఐలరాన్‌ను తిరిగి ఎక్కించేటప్పుడు పాత లాక్‌నట్లను మంచి మెకానిక్ పక్కన పడేస్తాడు.