బాలగాన సభకు సూత్రధారులు

2003లో కోపెన్‌హాగన్ నగరమున ఆరంభమైన జూనియర్ యూరోవిజన్ పాటల పోటీలో దేశదేశముల బాలబాలికల గళములను మెచ్చువారు మెండు గాని, పాటకును పాటకును నడుమ నిలిచి సభను నడపు వ్యాఖ్యాతల నేర్పును తలచువారు అరుదు. చెవిలోని యంత్రమున దర్శకుని ఆజ్ఞలు ఎడతెగక వినవచ్చుచుండగా, మొగమున చిఱునగవు చెదరనీయక, ఆంగ్లమునుండి ఆతిథేయ దేశభాషకును, అందుండి మరల ఆంగ్లమునకును మాఱుచు, ప్రత్యక్ష ప్రసారమున తడబడక మాటలాడుట సామాన్యమా!

అన్నింటికంటె కఠినమైన ఘట్టము పాయింట్ల ప్రకటన. సున్న వచ్చినచో పెద్దవాడు నవ్వి యూరకుండగలడు. పదేండ్ల పసివానికి అది పిడుగుపాటు. అందువలననే కాబోలు, 2005 మొదలు పదేండ్లకు పైగా ప్రతి పోటీదారునకును ముందుగానే 12 పాయింట్లు జమకట్టుచు వచ్చిరి. ఆ నియమము తొలగినను, దాని వెనుకనున్న దయ నిలుపవలసిన భారము వ్యాఖ్యాతల నాలుకపైననే యున్నది: అంకె పలికి, బాలుని మొగమువంక చూచి, ఒక్క రెప్పపాటు ఆగి, పిమ్మటనే తరువాతి పేరెత్తవలెను.

2018లో మిన్స్క్‌లో పోలెండునకు గెలుపు తెచ్చిన రోక్సానా వెంగ్యెల్ మరుసటి యేడు గ్లివిత్సెలో వ్యాఖ్యాతలలో ఒకతెగా నిలిచెను. ఫలితము వెలువడు వేళ గుండె యెట్లు కొట్టుకొనునో స్వయముగా నెఱిగిన ఆ బాలిక పలుకరింపును, నేనైతే, ఆఱితేఱినవారి వాగ్ధాటికంటె మిన్నగా నెంచుదును.