గొడవపడ్డ జంట, చూసిన కళ్లు

ఇద్దరున్న చోట ఒకరు పోయి ఒకరు మిగిలితే, మిగిలినవాళ్లు ఎంత ఏడ్చారో కొలవటం మనకి అలవాటు. ఏడవకపోతే అనుమానం, ఎక్కువ ఏడిస్తే నటన. ఈ కొలత వీధిలోంచి పోలీస్ స్టేషన్‌కి, అక్కణ్ణుంచి కోర్టుకి ఎట్లా నడిచిపోతుందో, దారిలో కులం దాని చెయ్యి ఎట్లా పట్టుకుంటుందో మేం ఇక్కడ చర్చించదలుచుకున్నాం.

2002 ఫిబ్రవరి 23న సినీనటి ప్రత్యూష, ఆమెతో ఏళ్లుగా ప్రేమలో ఉన్న సిద్ధార్థ రెడ్డి పురుగుమందు తాగిన స్థితిలో హైదరాబాద్‌లో ఆస్పత్రిలో చేరారు. మర్నాడు ఆమె చనిపోయింది, అతను బతికాడు. పెళ్లికి అతని ఇంట్లో ఒప్పుకోలేదు. పోస్ట్‌మార్టమ్ చేసిన ఫోరెన్సిక్ ప్రొఫెసర్ గొంతు నులిమి చంపారన్నారు. ఇక పేపర్లకి పండగే. వాళ్లెక్కడ కలిసేవాళ్లు, ఎందుకు గొడవపడ్డారు, ఆ సాయంత్రం అతని మొహం ఎట్లా ఉంది అన్నవన్నీ సాక్ష్యాలైపోయాయి. కేసు సీబీఐకి పోయింది. నిపుణులైన డాక్టర్ల కమిటీ ఆస్పత్రి రికార్డులూ విషపరీక్షలూ చూసి, చావుకి కారణం పురుగుమందేనంది. 2004లో కింది కోర్టు ఆత్మహత్యకి పురికొల్పిన నేరం కింద అయిదేళ్ల శిక్ష వేస్తే, 2011లో హైకోర్టు దాన్ని రెండేళ్లు చేసింది. 2026 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ శిక్షని ఖాయం చేసింది. కలిసి చద్దామనుకున్న ఒప్పందంలో మిగిలినవాడు కూడా జవాబుదారే అంది. తల్లి మాత్రం ఇన్నేళ్లూ అది హత్యేనంటూ పోరాడింది. ఆ తల్లి పోరాటాన్ని తక్కువ చెయ్యటం మా ఉద్దేశం కాదు. మా ప్రశ్న వేరు. గొంతు నులిమారా లేదా అన్నది తేల్చింది కడుపులోని విషం, కేస్‌షీటులోని రాతలు. వాళ్ల ప్రేమ ఎట్లాంటిదన్న మీద పేపర్లు ఖర్చుపెట్టిన సిరా ఆ ఒక్క ప్రశ్నకీ జవాబివ్వలేదు.

చట్టం ప్రవర్తనని పూర్తిగా తోసెయ్యదు. 1872 సాక్ష్య చట్టం 8వ సెక్షన్ నేరానికి ముందూ తర్వాతా నిందితుడు ఎట్లా నడుచుకున్నాడో చూడొచ్చంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలోనూ ఆ మాట 6వ సెక్షన్‌గా ఉంది. కానీ చూడొచ్చనటం వేరు, దాంతోనే ఉరి వెయ్యొచ్చనటం వేరు. పూణేలో 1982లో సైనైడ్ వల్ల చనిపోయిన ఒక భార్య కేసులో కింది కోర్టు భర్తకి ఉరి వేసింది, బొంబాయి హైకోర్టు సరేనంది. 1984లో సుప్రీంకోర్టు వదిలేసింది. అదే శరద్ బిర్దీచంద్ శార్దా కేసు. ఆమె తోబుట్టువుకీ స్నేహితురాలికీ రాసిన ఉత్తరాల నిండా దుఃఖం ఉంది. ఆ దుఃఖం హత్యకీ సరిపోతుంది, ఆత్మహత్యకీ సరిపోతుంది. రెండింటికీ సరిపోయేది ఏ ఒక్కదాన్నీ రుజువు చెయ్యదు.

ఇప్పుడు అమీర్‌పేట సంగతికొద్దాం. మైత్రీవనం చుట్టూ కోచింగులకి వచ్చినవాళ్లలో మన పిల్లలు వేలమంది. అక్కడ ప్రేమించి కులం దాటి పెళ్లి చేసుకున్న జంట గది కోసం తిరిగితే ఓనరు మొదట అడిగేదేంది? "మీరేమిట్లు?" నిజం చెప్తే గది లేదు. కాబట్టి అబద్ధం చెప్తారు. ఇంటిపేరు దాస్తారు. పండక్కి ఊరు పోరు. అమ్మాయి అన్న పంజాగుట్ట చౌరస్తాలో కనపడ్డాడని తెలిస్తే రాత్రికి రాత్రి గది మారుస్తారు. ఫోన్ నంబర్ మారుస్తారు. భయంలో బతికే ఇద్దరు గొడవ కూడా పడతారు, గట్టిగానే పడతారు. రేపు ఆ గదిలో చావు జరిగితే ఇవన్నీ "అనుమానాస్పద ప్రవర్తన" కింద చార్జిషీటెక్కుతాయి. పేరు దాచాడు, గదులు మార్చాడు, ఎవరితో కలవలేదు అంటారు. చెప్పేదెవరు? ఆ ఓనరే. "రోజూ కొట్లాడుకునేటోళ్లు సార్" అంటాడు. ఆయన అడిగిన కులం ప్రశ్న మాత్రం వాంగ్మూలంలో ఉండదు. తప్పు చెయ్యనోణ్ణి కూడా తప్పు చేసినోడిలాగా నడిపిస్తుంది ఈ కులం. కోర్టుకి నడక కనపడుతుంది, నడిపించింది కనపడదు.

తిరగేసి చూడండి. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ని ఆస్పత్రి బయట గర్భిణి భార్య పక్కనే నరికారు. అయిదు రోజులకి ఎర్రగడ్డలో, అమీర్‌పేటకి కూతవేటు దూరంలో, దళితుణ్ణి పెళ్లాడిన అమ్మాయిని కన్నతండ్రే కత్తితో నరికాడు. మాట్లాడదాం రమ్మని పిలిచి మరీ నరికాడు. ఆమె బతికింది. ఈ రెండు చోట్లా హంతకుల ప్రవర్తనని కొలిచినోళ్లు తక్కువ, జంట ప్రవర్తనని కొలిచినోళ్లే ఎక్కువ. పెళ్లి ఫొటోలు ఫేస్‌బుక్‌లో ఎందుకు పెట్టారు, తండ్రిని రెచ్చగొట్టలేదా అన్నారు. ఫొటో పెట్టటం నేరానికి కారణమైంది, కిరాయికి మనిషిని పెట్టటం తండ్రి ప్రేమైంది! 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసిందాకా ఈ పాట ఆగలేదు. ఆ తర్వాతా ఆగిందనలేం.

ఇంతా చెప్పి మమ్మల్ని మేం వదులుకోకూడదు. కులాంతర పెళ్లిలో మన పిల్ల చనిపోయిందని తెలియగానే మేం కూడా భర్త మొహం చూసే కరపత్రం రాసిన సందర్భాలున్నాయి. "శవం దగ్గర అతను ఫోన్ మాట్లాడుతున్నాడు" లాంటి వాక్యాలు మా రాతల్లోనూ ఉన్నాయి. ఆ ఆయుధం చివరికి ఎవరి మీద పడుతుందో సత్యంబాబు కేసు చూపించింది. ఆయేషా మీరా 2007 డిసెంబర్‌లో హత్యకి గురైంది. 2008లో ఈ దళిత యువకుణ్ణి పట్టుకున్నారు. నరాల జబ్బుతో కాళ్లు సరిగా ఆడని మనిషి, పంజాగుట్ట నిమ్స్‌లో చూపించి తిరిగి తీసుకుపోతుంటే తప్పించుకున్నాడని పోలీసులు చెప్పారు. నడవలేనోడు ఎట్లా పారిపోయాడన్న ప్రశ్నకన్నా, పారిపోయాడు కాబట్టి తప్పు చేసే ఉంటాడన్న మాటే ఎక్కువ చెవులకి చేరింది. 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అంది. జైల్లో పోయినవి ఎనిమిదేళ్లు.

అందుకే నిజనిర్ధారణకి పోయినప్పుడు మా ప్రశ్నల వరస మార్చుకున్నాం. వాళ్లు ఎట్లా ఉండేవాళ్లని అడగటానికి ముందు, గది ఇచ్చేటప్పుడు మీరు వాళ్లని ఏం అడిగారని ఓనర్ని అడుగుతున్నాం. పోస్ట్‌మార్టమ్ కాగితం, ఆస్పత్రిలో చేర్చిన టైము, అంతకుముందు ఆ జంట రక్షణ కోరుతూ ఏ స్టేషన్‌లోనైనా అర్జీ పెట్టుకున్నారా అన్నది తర్వాత చూస్తున్నాం. ఎవరు ఏడ్చారు, ఎవరు ఏడవలేదు అన్నది మా రిపోర్టుల్లో రాయటం మానేశాం.