దూరమే డాలు

మా తాతయ్య చేతికర్ర పేముది. పైన ఇత్తడి గుండు, కింద పొన్ను. ఆయన పోయాక చాలా ఏళ్ళు తలుపు వెనక మూలన, పాత గొడుగుల మధ్య పడి ఉంది. కిందటేడు దాన్ని బయటికి తీసి, మేడ మీదికి పట్టుకెళ్ళి, నూట ఇరవై ఏళ్ళనాటి ఇంగ్లీషు పత్రికలోని ఫొటోలు ఫోన్‌లో చూసుకుంటూ అలాగే తిప్పబోయాను. మొదటి రోజు బట్టలారేసే తీగ తెగింది. రెండో రోజు నా మోకాలిచిప్పే వాచింది. మూడో రోజు కర్ర తిప్పడం మానేసి ఫొటోల్లో వాళ్ళ కాళ్ళు ఎక్కడున్నాయో చూడటం మొదలుపెట్టాను. అసలు విద్యంతా అక్కడుంది.

ఆ ఫొటోలు 1901 జనవరి, ఫిబ్రవరి నెలల్లో లండన్ ‘పియర్సన్స్ మ్యాగజైన్’లో వచ్చాయి. వ్యాసం పేరు ‘చేతికర్రతో ఆత్మరక్షణ’. రాసినాయన ఎడ్వర్డ్ విలియం బార్టన్-రైట్. పేరు చూసి ఎక్కడో దూరపు దొర అనుకుంటాం గానీ, ఈయన పుట్టింది బెంగళూరులో, 1860లో. తండ్రి మద్రాసు రైల్వేలో ఇంజన్ల శాఖకు పెద్ద. కడప, గుంతకల్లు మీదుగా రాయచూరు దాకా పట్టాలు వేసిన కంపెనీయే అది. కొడుకూ ఇంజనీరే అయ్యాడు. ఉద్యోగం మీద జపాన్ వెళ్ళి జుజుత్సు నేర్చుకుని, 1898లో ఇంగ్లండు తిరిగొచ్చి, తన పేరులో సగాన్ని ఆ విద్య పేరులో సగానికి అతికించి ‘బార్టిట్సు’ అన్నాడు. బాక్సింగు, కాలితో తన్నే ఫ్రెంచి విద్య సవాత్, జుజుత్సు, చేతికర్ర, ఈ నాలుగూ కలిపిన కలగూరగంప అది. లండన్ షాఫ్ట్స్‌బరీ అవెన్యూలో క్లబ్బు తెరిచాడు. జపాన్ నుంచి యుకియో తాని, సదకాజు ఉయెనిషి అనే కుర్రవాళ్ళను రప్పించాడు. కర్ర నేర్పడానికి పియేర్ విన్యీ అనే స్విట్జర్లాండు ఆయన్ని పెట్టుకున్నాడు. పత్రికలో పేరు బార్టన్-రైట్‌ది, ఫొటోల్లోని పనితనం విన్యీది.

విన్యీకి ముందు యూరప్‌లో చేతికర్ర విద్య లేదని కాదు. ఫ్రెంచివాళ్ళకు ‘లా కాన్’ ఉంది, ఐర్లండు పల్లెల్లో ముళ్ళకంప కర్రలతో జాతర కొట్లాటలు ఉన్నాయి. అయితే చదువుకున్నవాళ్ళ వ్యాయామశాలల్లో కర్రను కత్తి పట్టినట్టే పట్టేవారు. పిడికిలి నడుము ఎత్తున, మొన ఎదుటివాడి ముఖం వైపు. చూడ్డానికి బాగుంటుంది. కానీ కత్తికి పిడి దగ్గర లోహపు గిన్నె ఉంటుంది, వేళ్ళకి అదే రక్ష. కర్రకి అది లేదు. ఎదుటివాడు మీ తల దాకా రానక్కర్లేదు, ముందుకు చాపిన వేళ్ళ మీద ఒక్కటిస్తే చాలు, కర్ర కింద పడుతుంది. తర్వాత కథ వాడిదే.

విన్యీ చేసింది చిన్న మార్పు. చేతిని తలకన్నా ఎత్తుకి లేపి, కర్ర మొనను కిందికి వాల్చాడు. దెబ్బ వచ్చి కర్రకి తగిలితే అది చేతి వైపు ఎక్కదు, తాటాకు కప్పు మీద వాన జారినట్టు మొన వైపు జారిపోతుంది. పైగా పైనున్న చెయ్యి ఎప్పుడూ దెబ్బకు సిద్ధంగా ఉంటుంది, మళ్ళీ ఎత్తే పని లేదు. నేను అద్దం ముందు నిలబడి చేసి చూశాను. అరనిమిషంలో భుజం లాగేస్తుంది. బొమ్మలో కనిపించే తేలిక ఒంట్లోకి రావాలంటే నెలలు పట్టే పని.

విన్యీ రెండో పద్ధతి ఇంకా తమాషా. ఎడమ కాలు ముందుకి, ఎడమ చెయ్యి ముందుకు చాచి, కుడిచేతిలోని కర్రని తల వెనక్కి ఎత్తి నిలబడతాడు. చూసేవాడికి ఒళ్ళంతా ఖాళీగా కనిపిస్తుంది. రా, ఇక్కడ కొట్టు అని చూపిస్తున్నట్టే. అవతలివాడు ఆశపడి ఆ చేతి మీదకో తల మీదకో బలంగా వేస్తాడు. సరిగ్గా ఆ క్షణంలో ముందున్న కాలు వెనక్కి లాగుతాడు. అంతే. దెబ్బ గాలిని కోసుకుంటూ పోతుంది, వేసినవాడు ఆ ఊపుకి ముందుకి తూలతాడు, వాడి మణికట్టూ తలా మన కర్ర కిందికే వచ్చి ఉంటాయి. బార్టన్-రైట్ దీనికి పెట్టిన పేరును తెలుగులో చెప్పుకుంటే ‘దూరంతో కాచుకోవడం’. కర్రకి కర్ర అడ్డం పెట్టడం కాదు, దెబ్బ పడే చోట మనం లేకపోవడం.

నాకు ఈ విద్యలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. తోకచుక్కలా కర్ర తిప్పేవాణ్ణి చూసి చప్పట్లు కొడతాం గానీ, చేతికర్ర అసలు బలం తిప్పడంలో లేదు. మన చెయ్యి రెండున్నర అడుగులు, కర్ర మరో మూడడుగులు. ఉత్త చేతులతో వచ్చేవాడికీ మనకీ మధ్య ఆ మూడడుగుల తేడాను పోనివ్వకుండా అడుగులు వేయగలిగితే సగం గెలిచినట్టే. అది పోయిందా, కర్ర ఉండీ లేనట్టే.

ఆ దూరం పోయినప్పుడు ఏం చెయ్యాలో కూడా ఆ వ్యాసాల్లో ఉంది. మనుషులు మీద పడిపోయి కర్ర ఊపడానికి చోటు లేనప్పుడు రెండు చేతులా పట్టుకుని, సిపాయి తుపాకీ కొనతో పొడిచినట్టు పొడవడమే. వేటుకి చోటు కావాలి, పోటుకి అక్కర్లేదు. గొడుగు చేతిలో ఉన్నా అంతే. గొడుగుతో కొడితే ఊచలు విరుగుతాయి, మొనతో పొడిస్తే విరగవు. వంకీ కర్రయితే మెడకో చీలమండకో తగిలించి లాగొచ్చు. పిడికిళ్ళు బిగించి వచ్చే బాక్సరుకైతే తల కోసం చూడక్కర్లేదు, ముందుకొచ్చిన మోచెయ్యి, మోకాలు, పిక్క ముందరి ఎముక చాలు. ఆ ఎముక మీద ఎప్పుడైనా మంచం కోడు తగిలినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

కర్ర ఎంపికలోనూ లెక్కుంది. విన్యీ మెచ్చింది మలక్కా పేము. తేలిక, వంగుతుంది గాని చటుక్కున విరగదు. భుజం నుంచి కాకుండా మణికట్టు నుంచి తిప్పే విద్యకి బరువు కర్ర పనికిరాదు, తిప్పి ఆపేలోపు అదే మనల్ని లాక్కుపోతుంది. పైన లోహపు గుండు ఉంటే పట్టు జారదు, అవసరమైతే అదే రెండో ఆయుధం. మా తాతయ్య ఈ లెక్కలేవీ చూసి కొని ఉండరు. ఆయనకది నడకకీ, అరుగు మీద కూర్చుని పిల్లల్ని అదిలించడానికీ.

మన కర్రసాముతో దీన్ని పోల్చకుండా ఉండలేం. దసరాకి అమలాపురం వీధుల్లో చెడీ తాలింఖానా చూసినవాళ్ళకి కర్ర అంటే ఏం చెయ్యగలదో ఒకరు చెప్పాల్సిన పనిలేదు. మనది మనిషంత వెదురుకర్ర, రెండు చేతుల పట్టు, చుట్టూ నలుగురున్నా ఎవణ్ణీ లోపలికి రానివ్వని సుడి. అది ఊరి విద్య. పంట కాపలా, పొలం గట్టు, రాత్రి ప్రయాణం, ఇవి దాని పుట్టిల్లు. చేతికర్ర విద్య పట్నం రోడ్డుది. అంత కర్ర పట్టుకుని ట్రాము ఎక్కలేని మనిషి, జేబుదొంగలూ రౌడీలూ తిరిగే సందులో, ఎవరూ ఆయుధం అనుకోని వస్తువుతో ఇంటికి క్షేమంగా చేరడం దాని అవసరం. రెండిటిలో ఏది గొప్పదని అడిగితే నేను కర్రసామే అంటాను. కానీ వెదురుకర్ర పట్టుకుని అమీర్‌పేటలో మెట్రో ఎక్కి చూడండి.

బార్టన్-రైట్ క్లబ్బు ఎంతోకాలం నడవలేదు, 1902లోనే మూతపడింది. బార్టిట్సు పేరును ఇంతకాలం బతికించింది ఒక డిటెక్టివ్. 1903లో కానన్ డాయిల్ తన షెర్లాక్ హోమ్స్‌ని చావు నుంచి వెనక్కి తెచ్చినప్పుడు, జలపాతం అంచున శత్రువు పట్టు నుంచి తప్పించుకోవడానికి ‘బరిట్సు’ అక్కరకొచ్చిందని రాశాడు. ఒక అక్షరం ఎగిరిపోయినా గుర్తు మిగిలింది. బార్టన్-రైట్ మాత్రం 1951లో బీదతనంలో పోయాడు. 2000 తర్వాత హోమ్స్ అభిమానులూ పాత యుద్ధవిద్యల మీద మోజున్నవాళ్ళూ ఆ ఫొటోలు తవ్వి తీసి మళ్ళీ సాధన మొదలుపెట్టారు.

మధ్యలో ఈ విద్య మన దేశానికీ వచ్చింది, అదీ ఖాకీ బట్టల్లో. ఇండియన్ పోలీసులో అధికారిగా పనిచేసిన హెచ్. జి. లాంగ్ 1923లో చేతికర్ర ఆత్మరక్షణ మీద పుస్తకం రాశాడు. విన్యీ పద్ధతే, పాఠాలుగా విడగొట్టి, బొమ్మలు వేసి. చదువుతుంటే ఒకటి గుచ్చుకుంటుంది. ఆత్మరక్షణ అని రాసిన ఆ కాలంలోనే పోలీసు లాఠీ చేతులు కట్టుకుని నిలబడ్డ సత్యాగ్రహుల మీద పడుతోంది. 1928లో లాహోరులో లాలా లజపతి రాయ్ మీద పడింది. దొరల కర్రకి జవాబు మన దగ్గర రెండు రకాలుగా వచ్చింది. గాంధీ దండి దాకా వెదురుకర్ర పట్టుకుని నడిచాడు, ఎవరి మీదా ఎత్తలేదు. తెలంగాణ పల్లెల్లో దేశ్‌ముఖుల గూండాలను ఆపడానికి జనం దుడ్డుకర్రలు పట్టారు, ఆ కర్రల పేరే సంఘానికి వచ్చి ‘గుత్పల సంఘం’ అయింది. కర్ర ఉన్నవాడిదే బర్రె అన్న సామెత పుట్టిన నేల మరి.

ఇప్పుడు దీనితో ఏం పని? పొద్దున్నే నడకకి వెళ్ళే అరవయ్యేళ్ళాయన చేతిలో కర్ర ఎందుకుంటుందో మన కాలనీల్లో ఎవరిని అడిగినా చెబుతారు, కుక్కలకోసమని. నేనూ ఒకసారి నాలుగు కుక్కల మధ్య చిక్కి తాతయ్య కర్రని తలపైకి ఎత్తాను. అవి ఇంకా రెచ్చిపోయాయి. ఎత్తిన చెయ్యి కిందికి దించి, మొనను ముందున్న కుక్క మూతి ముందు నేలకి ఆన్చి, వెన్ను చూపకుండా ఒక్కో అడుగూ వెనక్కి వేశాను. దూరం పెరిగేకొద్దీ వాటి అరుపు తగ్గింది. విన్యీ చెప్పని పాఠమే అయినా, సూత్రం ఆయనదే.

ఒక్క సంగతి దాచకుండా చెప్పాలి. కర్ర ఆనుకోకుండా నిలబడలేని మనిషి ఆ కర్రనే ఎత్తి కొట్టగలడని చెప్పేవాళ్ళ మాట నమ్మకండి. ఎత్తిన మరుక్షణం పడేది తనే. బార్టన్-రైట్ ఫొటోల్లోని మనుషులు కాళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళు, కర్ర వాళ్ళకి ఊత కాదు, అలంకారం. మోకాళ్ళు అరిగిన మనిషికి పనికొచ్చేది ఇందులో నాలుగో వంతు. గోడకి వీపు ఆన్చడం, మొనను ఎదుటివాడి వైపు ఉంచడం, కేక వెయ్యడం. అలాగే దొంగ పర్సు పారేసి పరిగెడుతుంటే వెనకనుంచి వీపు చిట్లగొట్టడం ఆత్మరక్షణ కిందికి రాదు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత కూడా, పాత శిక్షాస్మృతి లాగే, కాచుకోవడానికి అవసరమైనంత దెబ్బకే హక్కు ఇస్తుంది.

మొన్న సంక్రాంతికి కోనసీమ వెళ్ళినప్పుడు ఈ కర్ర పట్టుకెళ్ళాను. అక్కడ ఒకప్పుడు కుర్రాళ్ళకి కర్రసాము నేర్పిన పెద్దాయన ఉన్నాడు. విన్యీ ఫొటోలు చూపించాను. ఫోన్ దూరంగా పెట్టి, కళ్ళు చికిలించి చాలాసేపు చూశాడు.

“ఈ దొరెవరో గానీ, బాబూ, బాగా దెబ్బలు తిన్నోడండి,” అన్నాడు.

“ఎలా చెప్పగలరు?”

“చెయ్యి పైనెట్టాడు కదండీ. ఏళ్ళ మీద పడ్డోడికే ఆ తెలివొస్తాది.” తన కుడిచెయ్యి చాపి చూపించాడు. చూపుడువేలూ నడిమివేలూ రెండో కణుపు దగ్గర వంకర తిరిగి ఉన్నాయి. తర్వాత తాతయ్య కర్ర అందుకుని, గుండు దగ్గర కాకుండా నాలుగు వేళ్ళు కిందికి పట్టి, మణికట్టు ఒక్కసారి తిప్పాడు. అరుగు మీద ఆరబోసిన వడియాలకు బెత్తెడు పైన మొన ఆగింది. లోపలినుంచి వాళ్ళావిడ కేకేసింది, వడియాలు జాగ్రత్తని.